మంటతో కాల్చిన బాస్ గిటార్: 40 రోజులు వాయించాక నా రివ్యూ

నమస్తే అండీ. గిటార్ కంటే ముందు ఈ తెల్ల చొక్కా చూడండి. కుడి ముంజేతి దగ్గర ఈ నల్లటి మరక కనిపిస్తోందా? ఇది గిటార్ మసి. ఆదివారం చర్చిలో రెండు గంటలు వాయించి ఇంటికొచ్చాక మా ఆవిడ పట్టుకుంది. మూడుసార్లు ఉతికినా పోలేదు. ఈ చొక్కా ఇక గిటార్ తుడిచే గుడ్డే. ఈ వీడియో చివర్లో దీనితో ఇంకో పని ఉంది.

ఇప్పుడు గిటార్. గ్యాస్ టార్చ్‌తో బాడీ కాల్చి, నల్లగా, గోధుమ రంగుగా తేల్చే ఈ స్టైల్ రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. మంట అలా ఒకసారి తిప్పగానే పులి చారలు లేస్తాయి, నూనె రాయగానే నిగనిగలాడిపోతుంది, 40 సెకన్లలో పని పూర్తి. నాకు మూడు వారాలు పట్టింది. అందులో మంట చేతిలో ఉన్నది మహా అయితే 20 నిమిషాలు. మిగతాదంతా గీకుడు, రుద్దుడు, తుడుచుడు, ఆరబెట్టుడు.

నా దగ్గరున్నది ప్రెసిషన్ బాస్ ఆకారంలో ఉండే నాలుగు తీగల బడ్జెట్ గిటార్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నల్ల పెయింట్, అంచులంతా పెచ్చులు. పాడైనా బాధ లేదు అనుకునే దాని మీదే ఈ ప్రయోగం చేయాలి కాబట్టి దీన్ని బలిచ్చాను.

అసలు ఈ పనిలో మంట కన్నా పెద్ద సంగతి చెక్క. ఫెండర్ కంపెనీ 1951లో మొదటి ప్రెసిషన్ బాస్ తెచ్చినప్పుడు బాడీకి యాష్ అనే చెట్టు చెక్క వాడింది. 1956 మధ్య నుంచి ఎక్కువగా ఆల్డర్ అనే ఇంకో చెక్కకి మారింది. రీల్స్‌లో పులి చారలు వచ్చే బాడీలు చాలావరకు యాష్‌వే. యాష్ చెట్టుకు ఏటా పెరిగే వలయంలో ఒక మెత్తటి పొర, ఒక గట్టి పొర ఉంటాయి. మంట తగిలితే మెత్తటిది ముందు బొగ్గవుతుంది. ఇత్తడి తీగల బ్రష్‌తో రుద్దితే అది రాలిపోయి, గట్టి పొర గట్టులా నిలబడుతుంది. చేత్తో తడిమితే దున్నిన చాళ్లలా తెలుస్తుంది. పైన్ చెక్క కూడా ఇలాగే పలుకుతుంది.

బాస్‌వుడ్ అలా కాదు. పేరు చూసి మన బాస్ గిటార్ కోసం పుట్టిందనుకోకండి, అది లిండెన్ జాతి చెట్టు. తేలిక, మెత్తన, చౌక, పైకి గీతలు దాదాపు కనిపించవు. అందుకే కంపెనీలు దాని మీద ముదురు పెయింట్ వేస్తాయి. దాన్ని కాలిస్తే చారలు రావు, మచ్చలు వస్తాయి. పెనం మీద దోసె ఒకపక్క మాడినట్టు ఉంటుంది.

నాది బాస్‌వుడ్. ఆ సంగతి పెయింట్ మొత్తం గీకాక తెలిసింది. మీరు నాలా చేయకండి. మోడల్ పేరు కొట్టి స్పెసిఫికేషన్స్‌లో బాడీ వుడ్ ఏదో ముందే చూడండి. లేదా తీగల కింద ఉండే పికప్ కవర్ విప్పి, స్క్రూ రంధ్రాల దగ్గర పెయింట్ లేని చోట చెక్క చూడండి.

అలాగని యాష్ బాస్ ఉన్నవాళ్లు ఇప్పుడే టార్చ్ తీయొద్దు. అమెరికాలో ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు ఆ చెట్లను తొలిచేస్తోంది. చెక్క దొరకడం కష్టమై, మామూలు మోడళ్లలో యాష్ వాడకం తగ్గిస్తున్నామని 2020లో ఫెండరే ప్రకటించింది. అలాంటి బాడీని కాల్చాలంటే నాకైతే చేతులు రావు.

సరే, పెయింట్ తీయడం. తీగలు వదులు చేసి తీసేశాను, నెక్ నాలుగు స్క్రూలు విప్పాను, పికప్, నాబ్‌లు, బాడీ మీద తీగల్ని ఆపే బ్రిడ్జి అన్నీ పీకేశాను. బ్రిడ్జి కింద ఒక సన్నటి ఎర్త్ వైరు ఉంటుంది, దాన్ని తెంపుకోకండి. అది తెగితే తర్వాత ఆంప్‌లో ఝుమ్మని ఒకటే రొద.

ఇక్కడ ఒక హెచ్చరిక. టార్చ్ ఎలాగూ ఉంది కదా, పెయింట్ కూడా దానితోనే కాల్చేద్దాం అనిపిస్తుంది. వద్దు. ఆ పెయింట్ పాలియురెథేన్ గానీ పాలియెస్టర్ గానీ అయి ఉంటుంది, అంటే ప్లాస్టిక్. పాలియురెథేన్ కాలిన పొగలో హైడ్రోజన్ సైనైడ్ కూడా ఉంటుంది. కరోనా రోజుల్లో కొన్న ఎన్95 మాస్క్ దుమ్మును ఆపుతుందే గాని ఈ ఆవిరిని ఆపదు. హీట్ గన్‌తో మెత్తబరచి, పుట్టీ బ్లేడ్‌తో పొరలు పొరలుగా లేపాలి. అది కూడా డాబా మీద, ఆవిరి ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకుని. నాకు రెండు పూటలు పట్టింది. పెయింట్ మందం చూస్తే చెక్క మీద హెల్మెట్ పెట్టారా అనిపించింది.

తర్వాత అందరూ పడే గోతిలో నేనూ పడ్డాను. నల్ల పెయింట్ పోయింది, కింద లేత గోధుమ రంగులో చెక్క కనిపించింది. అయిపోయింది అనుకున్నాను. టార్చ్ పెట్టగానే కింది కొమ్ము దగ్గర, అంటే నెక్ పక్కన బాడీ పొడుచుకొచ్చిన చోట, బుడబుడమని బుడగలు లేచాయి. చెక్కకు బుడగలేంటి? అది చెక్క కాదు, చెక్క మీద పూసిన పారదర్శకమైన సీలర్ పొర. పెయింట్ కింద అదొకటి ఉంటుంది, కంటికి కనిపించదు. కనిపెట్టాలంటే ఒక నీటి చుక్క వేయండి. చుక్క ముత్యంలా నిలబడితే సీలర్ ఇంకా ఉన్నట్టు. ఇంకి చెక్క తడిసి ముదురైతే అసలు చెక్క బయటపడ్డట్టు. అంగుళం అంగుళం ఇలా చూసుకుంటూ 80 నంబర్ సాండ్ పేపర్‌తో మొదలుపెట్టి, 120, 180, చివర 220తో ముగించాను. ఈ వీడియోలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఈ నీటి చుక్క గుర్తుంచుకోండి.

నెక్ కూర్చునే గుంటలో మాత్రం సాండ్ పేపర్ పెట్టొద్దు, మంట అసలే తగలనివ్వొద్దు. అక్కడ కాస్త అరిగినా నెక్ వదులవుతుంది, తీగల ఎత్తు మారిపోతుంది. మాస్కింగ్ టేప్ మంటకు ఆగదు కాబట్టి అల్యూమినియం ఫాయిల్ నాలుగు మడతలు వేసి గుంటలో కూరాను.

చెక్క కాల్చడం కొత్త విద్యేం కాదు. జపాన్‌లో సుగి అనే చెట్టు చెక్క పలకల్ని పైపైన కాల్చి ఇళ్ల గోడలకు వేస్తారు, యాకిసుగి అంటారు. మూడు పలకల్ని పొగగొట్టంలా కట్టి లోపల నిప్పు పెట్టడం పాత పద్ధతి. నావోషిమా దీవిలో అలాంటి నల్ల గోడల ఇళ్లు ఇప్పటికీ చూడొచ్చు. ఇంటర్నెట్‌లో షౌ సుగి బాన్ అన్న పేరు ఎక్కువ కనిపిస్తుంది గాని, అది అవే జపాన్ అక్షరాల్ని బయటివాళ్లు వేరేగా చదవడం వల్ల పుట్టింది. అంత దూరం ఎందుకు, మా తాతయ్య పొలం కంచెకు గుంజలు పాతేముందు మొదళ్లు కాల్చేవాడు, చెద పట్టకుండా. నేను డాబా మీద టార్చ్ పట్టుకుంటే మా నాన్న అదే గుర్తుచేసి, "గిటార్‌కి కూడా చెద పడుతుందేంట్రా?" అన్నారు.

కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తాను. రోస్టెడ్ మేపుల్ నెక్ అని కంపెనీలు అమ్మేది ఇది కాదు. దాన్ని ఆక్సిజన్ బాగా తగ్గించిన కొలిమిలో 200 డిగ్రీల అటూ ఇటూ వేడి చేస్తారు, రంగు చెక్క లోపలిదాకా మారుతుంది. మనం చేసేది పైపొర వరకే. గట్టిగా గీస్తే కింద తెల్ల చెక్క బయటపడుతుంది. ఇదిగో, బెల్ట్ బకిల్ గీసుకున్న చోటు చూడండి.

కాల్చే రోజు బకెట్ నిండా నీళ్లు, తడి గోనె పక్కన పెట్టుకున్నాను. ముందు ముషీరాబాద్ టింబర్ డిపోలో తెచ్చిన పైన్ ముక్కల మీద చేయి అలవాటు చేసుకున్నాను. మిట్ట మధ్యాహ్నం మొదలుపెట్టడం పొరపాటు. ఎండలో నీలి మంట కంటికి ఆనదు, ఎంత దూరం తగులుతోందో తెలియదు. సాయంత్రం వెలుగు తగ్గాక చేస్తే మంట కొస స్పష్టంగా కనిపించింది. చేయి ఆగకూడదు, ఇస్త్రీ పెట్టె తిప్పినట్టు తిప్పుతూనే ఉండాలి. అంచులు, కొమ్ముల కొసలు అన్నిటికన్నా ముందు నల్లబడతాయి, అక్కడ ఇంకా వేగంగా పోవాలి.

నేను ఒక్కచోట ఆగాను. మధ్యలో రంగు రావడం లేదని నాలుగైదు సెకన్లు ఎక్కువ ఉంచాను. బడ్జెట్ బాడీ ఒకే చెక్క కాదు, మూడు ముక్కలు జిగురుతో అతికించింది. వడ్రంగి జిగుర్లు చాలావాటికి మరిగే నీటి వేడి కూడా ఎక్కువే, మెత్తబడిపోతాయి. అతుకు దగ్గర సన్నటి గీత విచ్చుకుంది. గుండె ఆగినంత పనైంది. చల్లారనిచ్చి, సందులోకి ఫెవికాల్ ఎక్కించి, క్లాంపులు బిగించి ఒక రోజు వదిలేశాను. అతుక్కుంది. కానీ చెక్కలో లేని గీత అక్కడ ఇప్పటికీ కనిపిస్తుంది.

మధ్యలో మచ్చలు నచ్చక ప్లాన్ మార్చాను. మధ్య భాగాన్ని సాండ్ పేపర్‌తో మళ్లీ తేల్చి, అంచులు మాత్రం నల్లగా ఉంచి, మధ్యకు వచ్చేసరికి తేనె రంగులో కలిసేలా చేశాను. సన్‌బర్స్ట్ లాంటిదే, పెయింట్ బదులు మంటతో. మీదీ బాస్‌వుడ్ అయితే మొదటి నుంచీ ఇలాగే వెళ్లండి, పులి చారల ఆశ పెట్టుకోకండి.

ఇక చొక్కా కథ. కాల్చాక బ్రష్ కొట్టి, తడిగుడ్డతో తుడిచి, చెక్కకు రాసే డానిష్ ఆయిల్ రెండు పూతలు వేసి చాలనుకున్నాను. చాలలేదు. ముంజేయి ఆనే చోట చెమటకు మసి ఊడింది. మొత్తం మళ్లీ రుద్ది, గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా తుడిచి, స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక పూత ఇచ్చాను. మన దగ్గర వడ్రంగులు ఎప్పటి నుంచో వాడే లక్క పాలిషే, ఆ లక్క ఎక్కువగా జార్ఖండ్ నుంచి వస్తుంది. అది మసిని పట్టి ఉంచుతుంది. మైనం తీసిన లక్క అడిగి తీసుకోండి, లేకపోతే పైన వేసే పూత సరిగా పట్టదు. దాని మీద గుడ్డతో రాసే పాలియురెథేన్ నాలుగు పూతలు. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు.

నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేయొద్దు. ముఖ్యంగా అవిసె నూనె కలిసినవి. ఆరేటప్పుడు వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. దండెం మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పడేయండి. టార్చ్‌తో తగలబడని ఇల్లు గుడ్డతో తగలబడగలదు.

సౌండ్ మారిందా? నా చెవికి తేడా లేదు. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. అక్కడ తీగ కదలికను గాలిలోకి పంపేది చెక్కే, కాబట్టి ఏ చెక్క అన్నది వినిపిస్తుంది. ఇక్కడ తీగ కదలికను పట్టేది పికప్‌లోని అయస్కాంతం, తీగచుట్ట. పైపొర మాడితే దానికేం తెలుస్తుంది? మారింది బరువు ఒక్కటే, ఆ మందపాటి పెయింట్ పోయి కాస్త తేలికైంది.

ఖర్చు హీట్ గన్‌తో కలిపి 5,000 దాటింది. దాదాపు సగం ఆ గన్‌కే పోయింది, అద్దెకు దొరికితే అదే మేలు.

నా మార్కులు చెప్తాను. యాష్ గానీ పైన్ గానీ అయితే, బాడీ పాతదైతే, పదికి ఎనిమిది. బాస్‌వుడ్ అయితే ఐదు, అది కూడా అంచులు మాత్రమే కాలిస్తే. చారలే కావాలంటే బాస్‌వుడ్‌ని వదిలేసి, యాష్ లాంటి చారలున్న చెక్క మీద నల్ల వుడ్ స్టెయిన్ వేసి రుద్దుకోండి, జిగురు టెన్షన్ ఉండదు.

ఇక చొక్కా రెండో చెయ్యి, ఎడమది, ఇంకా తెల్లగానే ఉంది. 40 రోజులు వాయించిన బాడీ మీద, కట్ చేయకుండా, మీ ముందే రుద్దుతున్నాను. పైన... ఏం లేదు. ముంజేయి ఆనే చోటు... ఏం లేదు. వెనకవైపు... శుభ్రం. కింది కొమ్ము, ఆ బుడగలు లేచిన చోటు... ఆగండి. ఇదిగో. కొద్దిగా వచ్చింది. లైట్ దగ్గర పెడతాను, చూడండి. సరే, రేపు అక్కడ ఇంకో పూత వేస్తాను.