ట్వీటర్ కెపాసిటర్: నంబర్ పెంచితే ట్రెబుల్ పెరగదు

అందరికీ నమస్తే. మొన్న పాలమూరుల ఒక తమ్ముడు స్పీకర్ బాక్స్ తెచ్చిండు. ట్వీటర్, అంటే ట్రెబుల్ పలికే చిన్న స్పీకర్, కాలిపోయి ఉంది. ఏం జేసినవ్రా అంటే, "4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసి 10 పెట్టిన అన్నా, ట్రెబుల్ గట్టిగ రావాలెనని." ఈ మాట వినీ వినీ ప్రాణం ఇసిగింది. ఇయ్యాల దీని సంగతి పూర్తిగ చూద్దాం.

ఇంట్ల రొట్టెలకు జొన్నపిండి జల్లిస్తరు గద. ట్వీటర్ ముంగట ఉన్న కెపాసిటర్ గా జల్లెడనే. సన్నపిండి, అంటే హై ఫ్రీక్వెన్సీలు, దిగుతది. దొడ్డు రవ్వ, అంటే మిడ్డు, బేస్, పైన్నే ఆగుతది. మైక్రోఫారడ్ నంబర్ జల్లెడ కన్ను. నంబర్ పెంచితే కన్ను పెద్దగైతది, రవ్వ గూడ దిగుతది.

8 ఓమ్‌ల ట్వీటర్‌కు 4.7 పెడితే కటాఫ్, అంటే జల్లెడ ఆపుడు షురూ చేసే ఫ్రీక్వెన్సీ, సుమారు 4,200 హెర్ట్జ్. 10 పెడితే 2,000కే దిగుతది. మొదట్ల సౌండ్ గట్టిగనే అనిపిస్తది. అది పెరిగిన ట్రెబుల్ కాదు, ట్వీటర్ల నుంచి వచ్చే మిడ్డు. ట్వీటర్ లోపలి వెంట్రుకంత సన్నటి తీగచుట్ట (వాయిస్ కాయిల్) ఆ రవ్వను ఎన్ని దినాలు మోస్తది? పెండ్లిల రెండు గంటలు గట్టిగ పెడితే కాలుతది. నిజమైన జల్లెడ లెక్క ఇది ఒక్కసారే ఆపదు, కటాఫ్ కింద ఆక్టేవ్‌కు, అంటే ఫ్రీక్వెన్సీ సగమైనప్పుడల్లా, 6 డెసిబెల్స్ చొప్పున తగ్గిస్తది. అందుకే కన్ను ఇంకింత పెద్దగ చేసుడు మంచిది కాదు.

మరి అప్‌గ్రేడ్ అంటే ఏంది? కన్ను అదే ఉంచి జల్లెడ మార్చుడు. పాత బాక్సులల్ల నాన్‌పోలార్ ఎలక్ట్రోలిటిక్, అంటే ప్లస్ మైనస్ తేడా లేని కెపాసిటర్, ఉంటది. ఏండ్లు గడిస్తే లోపల తడి ఆరిపోతది, వాల్యూ తప్పుతది, లోపలి రెసిస్టెన్స్ పెరుగుతది. జల్లెడకు పిండి పట్టి కండ్లు పూడుకపోయినట్టు ట్రెబుల్ మబ్బుగ వస్తది. దాని జాగల పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టుండ్రి. నా చెవులకైతే ఈ ఒక్క మార్పుకే తాళాలు, గజ్జెలు విడివిడిగ వినవడ్డయి. కానీ వేలకు వేలు పెట్టి వెండి జల్లెడ కొనకుండ్రి. కన్ను అదే అయితే దిగే పిండి గూడ అదే.

కెపాసిటర్ మీద రాసుండే వోల్టేజ్ అంటే జల్లెడ చట్రం గట్టితనం, అంతే. 8 ఓమ్‌లకు 100 వాట్లు పోతే పీక్ 40 వోల్టులే. 100 వోల్టులది సాలు.

టైమ్ అయిపోతుంది, మిగిలినయి జల్ది చెప్తున్న. 4.7 దొరకకపోతే 3.3, 1.5 ప్యారలల్ల కలుపుండ్రి, 4.8 అయితది, నడుస్తది. మైనస్ గీత ఉన్న మామూలు ఎలక్ట్రోలిటిక్ మాత్రం క్రాసోవర్ల (సౌండును స్పీకర్లకు పంచే సర్క్యూట్ల) పెట్టొద్దు, అక్కడ నడిచేది ఏసీ. వూఫర్‌కు (బేస్ స్పీకర్‌కు) అడ్డంగ, అంటే ప్యారలల్ల, ఉండే పెద్ద వాల్యూ కెపాసిటర్ జాగల కొత్త నాన్‌పోలార్ సాలు. ఫిల్మ్ పెట్టినంక ట్రెబుల్ చెవికి గుచ్చితే, ఆ కెపాసిటర్‌కు సిరీస్‌ల అర ఓమ్ రెసిస్టర్ వేయుండ్రి. ముందుగల ఒక్క బాక్స్‌ల మార్చి, మోనోల (రెండు బాక్సులల్ల ఒకటే సౌండ్ వచ్చేటట్టు) పాట పెట్టి, బ్యాలెన్స్ నాబ్ అటు ఇటు తిప్పి వినుండ్రి. తేడా నచ్చితేనే రెండోది విప్పుండ్రి.