కంపెనీ వయోమింగ్‌లో, కాపురం విజయనగరంలో: లెక్క ఎక్కడ చెప్పాలి?

నమస్కారం.

"అమెరికాలో ఎల్‌ఎల్‌సీ పెట్టేశానండి, ఇక మన ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లతో పని లేదు కదా?" విజయనగరంలోనో రాజాంలోనో ఇంట్లో కూర్చుని విదేశీ క్లయింట్లకి పని చేసే కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. పని ఉంది. చాలా ఉంది. ఎల్‌ఎల్‌సీ అంటే కంపెనీ అప్పులు మామూలుగా యజమాని సొంత ఆస్తి మీదికి రాని ఒక కంపెనీ పద్ధతి, అంతే. ఈ ఒక్క అపోహ పోగొట్టడానికే ఈ వీడియో.

మీ కాపురం శ్రీకాకుళం టౌన్‌లో అనుకోండి. ఉద్దానంలో, కవిటి దగ్గర, ఓ జీడితోట కొన్నారు. తోట కాగితాలు అక్కడివి, కాపలా మనిషి అక్కడివాడు. కానీ పిక్కలు అమ్మిన డబ్బు ఎవరింటికి వస్తుంది? మీ ఇంటికి. తోట కవిటిలో ఉంది కదా అని ఇంటి లెక్కలో రాయడం మానేస్తారా? కంపెనీ కూడా అంతే. కంపెనీ తోట, మీరున్న చోటు ఇల్లు. ఈ రెండు మాటలు పట్టుకోండి, మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

ముందు తోట సంగతి. ఒక్కరే యజమాని, చిన్న పని అయితే వయోమింగ్ రాష్ట్రం చాలు. ఎల్‌ఎల్‌సీ పద్ధతికి అమెరికాలో మొదట, 1977లో, చట్టం చేసింది ఆ రాష్ట్రమే. ఫైలింగ్ ఫీజు 100 డాలర్లు, ఏటా ఇచ్చే రిపోర్టుకి కనీసం 60. డెలావేర్ పేరు ఎక్కువ వినబడుతుంది గానీ, అక్కడ ఎల్‌ఎల్‌సీకి వ్యాపారం ఉన్నా లేకపోయినా జూన్ 1 లోపు ఏటా 300 డాలర్లు కట్టాలి. పెద్ద పెట్టుబడులు తెచ్చుకునే స్టార్టప్ డెలావేర్‌లో కార్పొరేషన్ పెట్టుకుంటే అర్థముంది. ఇద్దరు క్లయింట్లున్న డిజైనర్‌కి ఆ ఖర్చు దండగ.

తోటకి కాపలా మనిషి ఉండాలన్నాను కదా. అక్కడ ఆయన్ని రిజిస్టర్డ్ ఏజెంట్ అంటారు. ఆ రాష్ట్రంలో నిజమైన చిరునామా ఉండి, కోర్టు కాగితాలు, ప్రభుత్వ నోటీసులు మీ తరఫున తీసుకునే మనిషి. అంతవరకే ఆయన పని. కాపలా మనిషి గుడిసె మీ ఇల్లు కాదు. ఏజెంటు చిరునామానే వ్యాపార చిరునామాగా బ్యాంకు దరఖాస్తులో రాస్తే చాలాసార్లు అక్కడే తిరగ్గొడతారు. మీరు పని చేసే చోటు విజయనగరమైతే విజయనగరమనే రాయండి. దాచాల్సిన విషయం కాదది.

తర్వాత ఈఐఎన్, అంటే కంపెనీకి పన్ను నంబరు. ఇది ఉచితం. ఏజెన్సీలు దీనికి తీసుకునేది వాళ్ల శ్రమకి కూలి మాత్రమే. అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్లకి ఆన్‌లైన్ దరఖాస్తు తెరుచుకోదు. ఎస్‌ఎస్-4 ఫారం నింపి ఫ్యాక్స్ చేయాలి, లేదా అమెరికా పన్ను శాఖ, అంటే ఐఆర్‌ఎస్, విదేశీయుల కోసం పెట్టిన ఫోన్ లైనుకి చేయాలి. మనకి సాయంత్రం నాలుగున్నర దాటాక చేస్తే అక్కడ పొద్దున్నే ఆఫీసు తెరిచి ఉంటుంది.

[తెర మీద: ఎస్‌ఎస్-4 ఫారం, 7బి గడి పెద్దదిగా]

ఈ గడి చూడండి, 7బి. యజమాని సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతోంది. చాలామంది ఖాళీ వదిలేస్తారు, కొందరు పాన్ నంబరు రాసేస్తారు. రెండూ తప్పే. ఇక్కడ "ఫారిన్" అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి. 9ఎ దగ్గర "అదర్" టిక్ పెట్టి, పక్కన "ఫారిన్ ఓన్డ్ యూఎస్ డిస్‌రిగార్డెడ్ ఎంటిటీ" అని రాయాలి. అంటే విదేశీ యజమాని ఉన్న, పన్ను లెక్కలో యజమాని నుంచి వేరుగా చూడని అమెరికా కంపెనీ అని. ఒకటో గడిలో కంపెనీ పేరు రాష్ట్రం ఇచ్చిన కాగితంలో ఎలా ఉందో అచ్చు అలాగే, కామాతో సహా.

పేరంటే గుర్తొచ్చింది. మన ఇంటిపేర్ల గొడవ చిన్నది కాదు. పాన్ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో పేరు చివర ఉంటుంది. మనకి మూడూ ఒకే మనిషి. అక్కడి బ్యాంకు కంప్యూటర్‌కి ముగ్గురు. మొదటి కాగితం నుంచి చివరి దాకా పాస్‌పోర్టులో ఉన్న పేరే వాడండి. కరెంటు బిల్లు నాన్నగారి పేరు మీద ఉంటే అది పనికిరాదు, మీ పేరు మీదున్న బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టండి.

ఇప్పుడు అసలు మంట పుట్టించే చోటు. తోటలో ఈ ఏడు కాపు లేదు, ఒక్క పిక్క అమ్మలేదు. అయినా ఇంటి నుంచి తోటకి ఎరువు బస్తా వెళ్లిందా, తోట నుంచి ఇంటికి ఎండుకొమ్మ వచ్చిందా, అదంతా రాసివ్వమంటుంది ఐఆర్‌ఎస్. ఆ కాగితమే ఫారం 5472. కంపెనీ ఫీజు మీ జేబులోంచి కట్టినా అది ఇంటి నుంచి తోటకి వెళ్లిన బస్తాయే. "ఆదాయం సున్నా కదా" అని మానేస్తే జరిమానా 25,000 డాలర్లు. అవును, పాతిక వేలు. ఏప్రిల్ 15 లోపు, దాదాపు ఖాళీగా ఉండే ఫారం 1120 అనే కంపెనీ రిటర్నుకి జతచేసి, ఫ్యాక్స్‌లో గానీ పోస్టులో గానీ పంపాలి. మీరు ఇక్కడ కూర్చుని చేసిన సేవకి, అక్కడ ఆఫీసు, ఉద్యోగులు లేకపోతే, మామూలుగా అక్కడ ఆదాయపు పన్ను పడదు. కాగితం మాత్రం తప్పదు. పన్ను లేకపోవడం వేరు, లెక్క చెప్పకపోవడం వేరు.

ఒక డబ్బు ఆదా: యజమాని వివరాలతో ఫిన్‌సెన్‌కి, అంటే అమెరికాలో ఆర్థిక నేరాలు చూసే శాఖకి, ఇవ్వాల్సిన రిపోర్టు అమెరికాలోనే ఏర్పడిన కంపెనీలకి 2025 మార్చి నుంచి అక్కర్లేదు. పాత వీడియోలు చూసి దానికి ఎవరికీ డబ్బు కట్టకండి.

టైమ్ అయిపోతోంది, ఇంటి వైపు గబగబా చెప్తాను. చివర చెప్తున్నాను గానీ మీరు చేయాల్సింది ఇదే ముందు. స్టాక్ ఎక్స్‌ఛేంజీలో లేని విదేశీ కంపెనీలో వాటా అంటే, ఒక్క డాలరైనా, 2022 నాటి ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనల కింద విదేశంలో నేరుగా పెట్టిన పెట్టుబడి. మీ బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ ఇచ్చి, యూఐఎన్ అనే నంబరు తీసుకుని, ఆ తర్వాతే డబ్బు పంపాలి. ఊళ్లో బ్రాంచికి ఇది తెలియకపోతే ఫారెక్స్ పని చేసే బ్రాంచి ఏదో అడిగి కనుక్కోండి. ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్ల పరిమితి. ఫైనాన్స్ సేవల కంపెనీ అయితే వ్యక్తులకి కుదరదు. ఏటా డిసెంబర్ 31 లోపు ఏపీఆర్, అంటే కంపెనీ ఏడాది పనితీరు రిపోర్టు, అదే బ్యాంకుకి ఇవ్వాలి. వయోమింగ్ ఆడిట్ అడగదు, కానీ పూర్తిగా మీ చేతిలో ఉన్న కంపెనీకి ఏపీఆర్ ఆడిట్ లెక్కలతోనే ఇవ్వాలి. ఆ ఖర్చు ముందే వేసుకోండి.

రిటర్ను ఐటీఆర్-1, ఐటీఆర్-4 లలో కుదరదు. ఐటీఆర్-2 లేదా 3 లో షెడ్యూల్ ఎఫ్‌ఏ, అంటే విదేశీ ఆస్తుల పట్టిక, నింపాలి, జనవరి నుంచి డిసెంబర్ లెక్కన. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల విలువ 20 లక్షల రూపాయలు దాటి, చూపించకపోతే, 10 లక్షల జరిమానా పడొచ్చు. 20 లోపున్నా చూపించాల్సిందే.

ఇంత చూశాక అసలు తోట కావాలా అని అడగండి. క్లయింటు మీ ఇక్కడి ఖాతాకే డాలర్లు పంపగలిగితే అక్కర్లేదు. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఇచ్చి పన్ను లేకుండా ఎగుమతి చూపించుకోవచ్చు. పలాస నుంచి పప్పు పంపేవాళ్లకైతే ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతి కోడు, 500 రూపాయలే. అక్కడి పేమెంట్ గేట్‌వే తప్పనిసరైనా, క్లయింటు అమెరికా కంపెనీ ఇన్వాయిస్సే అడిగినా, అప్పుడు పెట్టండి.

మూసేసేటప్పుడు: రాష్ట్రంలో రద్దు కాగితం వేయాలి, ఆ ఏడాదికి ఆఖరి 5472 ఇవ్వాలి, మిగిలిన డబ్బు 90 రోజుల్లో ఇక్కడికి తేవాలి, వచ్చిన 30 రోజుల్లో అదే బ్యాంకుకి చెప్పాలి. అప్పుడూ మొదట అడిగేది ఆ యూఐఎన్ నంబరే, పాస్‌పోర్టు కాపీ వెనకాల రాసిపెట్టుకోండి.