కణం లోపలి ఎర్రనీళ్లు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మన బెంగళూరు మల్లేశ్వరంలో దోసెల క్యూ వదిలేసి సైన్సు మాటలు వినడానికి వచ్చారు. ఆ త్యాగానికి తగ్గట్టు చెప్పగలనా అన్నదే నా టెన్షన్.

ముందుగా ఒక మాట చిక్కు విప్పుకుందాం. తెలుగులో సెల్‌నీ కణం అంటాం, పార్టికల్‌నీ కణమే అంటాం. ఇవాళ చెప్పబోయేది ఒకదాన్ని ఇంకొకదాని లోపలికి పంపించడం గురించి. ఇద్దరు సుబ్బారావులున్న ఇంట్లో ఒకరిని పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. అందుకని సెల్‌ని కణం అంటాను, పార్టికల్‌ని రేణువు అంటాను.

ఛాతీలో నొప్పి అని ఆస్పత్రికి వెళ్తే రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. గుండె కండరం దెబ్బతింటే లోపలున్న ఆ ప్రోటీన్ రక్తంలోకి కారుతుంది. జబ్బు ఆనవాలు చెప్పే ఇలాంటి పదార్థాన్నే బయోమార్కర్ అంటాం. ప్రాణాలు కాపాడే పరీక్షే, కాదనను. కానీ కారిన తర్వాతే తెలుస్తుంది. మన అపార్ట్‌మెంట్లలో అందరికీ కలిపి ఒకే నీళ్ల మీటరు ఉన్నట్టు: ఎక్కడో లీకవుతోందని చెబుతుంది, ఏ ఫ్లాట్‌లో, ఏ గోడ వెనక అన్నది చెప్పదు. మా పని ఆ ఫ్లాట్‌లోకి వెళ్లి చూడడం. అదీ ఇంట్లోవాళ్ల పనికి అడ్డం రాకుండా, అంటే కణం బతికుండగానే.

ఎంత చిన్న వ్యవహారమో చూడండి. మీటరులో వంద కోట్లో వంతు నానోమీటరు. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు, ఎర్ర రక్తకణం అడ్డంగా 7,000 పైచిలుకు, డీఎన్‌ఏ రెండు పేటల మెలిక వెడల్పు 2. మామూలు కాంతితో చూసే సూక్ష్మదర్శినికి దాదాపు 200 నానోమీటర్ల దగ్గర చూపు ఆగిపోతుంది. మరి అంతకంటే చిన్నవాటి జాడ ఎలా పట్టుకుంటాం? పల్లెలో అర్ధరాత్రి పొలం గట్టు మీద ఎవరైనా చుట్ట కాలుస్తుంటే మనిషి కనిపించడు, నిప్పు కనిపిస్తుంది. ఎక్కడ కూర్చున్నాడో తెలియడానికి అది చాలు.

అలాంటి నిప్పు ఒకటి క్వాంటమ్ డాట్. పదార్థం ఒకటే, కాడ్మియం సెలెనైడ్. రేణువు 2 నానోమీటర్లుంటే నీలం వైపు, 6 ఉంటే ఎర్రగా వెలుగుతుంది. సైజు మారితే రంగు మారుతుందన్న మాట. వీటిని కనిపెట్టి, తయారుచేసే పద్ధతిని చక్కదిద్దినందుకు ఎకిమోవ్, బ్రూస్, బవెండిలకు 2023లో రసాయన నోబెల్ వచ్చింది. కణాలకు గుర్తుగా ఇవి పనికొస్తాయని 1998లోనే రెండు బృందాలు చూపించాయి. చిక్కంతా కాడ్మియంతోనే. కేడీఎం నగలు గుర్తున్నాయా? అతుకులో కాడ్మియం వాడేవారు, దాని పొగ కంసాలుల ఊపిరితిత్తులను దెబ్బతీసేది. డాట్ చుట్టూ జింక్ సల్ఫైడ్ పూత వేస్తాం కానీ ఆ పూత ఎంతకాలం నిలుస్తుందన్న భయం ఉంటుంది. గాజు పళ్లెంలోని కణాలకు వాడండి, మనిషికి ఎక్కించే ముందు పదిసార్లు ఆలోచించండి అన్నదే నా మాట.

బంగారం అంతకంటే మర్యాదస్తురాలు. కోవిడ్ కిట్లలో చాలావాటి మీద మీరు చూసిన ఎర్ర గీత బంగారు రేణువులదే. రేణువు అంత చిన్నదైతే పసుపు పోయి కెంపు రంగు వస్తుందని మైకేల్ ఫారడే 1857లోనే గమనించాడు.

ఇంతకీ నేను చెప్పాలని వచ్చిన కథ మన ఊరిదే. జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది కదా, అక్కడ శాస్త్రవేత్త యమునా కృష్ణన్ బృందం 2009లో డీఎన్‌ఏతో ఆమ్లాన్ని కొలిచే ఒక పరికరం చేసింది. డీఎన్‌ఏ అనగానే వంశం, వారసత్వం గుర్తొస్తాయి. వీళ్లు దాన్ని తాడులా వాడారు. డీఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ ఎక్కువగా ఉన్న పేటకు ఆమ్లం తగిలితే మడత పడుతుంది, ఆమ్లం తగ్గితే విచ్చుకుంటుంది. పరికరం రెండు కొసలకూ రెండు రంగులు అంటించారు. మడత పడితే కొసలు దగ్గరై ఒక రంగు తన శక్తిని రెండోదానికి ఇచ్చేస్తుంది. అప్పుడు రెండోది వెలుగుతుంది.

ఇందులో తెలివి ఎక్కడుందో చెబుతాను. పెళ్లికూతురికి దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తారు? పసుపు నీళ్లలో చిటికెడు సున్నం. అందులో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు. పళ్లెం చిన్నదా పెద్దదా, పసుపు ఎంత వేశారు అన్నది లెక్క కాదు. పసుపా ఎరుపా అన్నదే లెక్క. ఈ పరికరంలోనూ అంతే, వెలుగు ఎంతన్నది కాదు, రెండు రంగుల నిష్పత్తి చూస్తాం. వెలుగును నమ్మితే మోసపోతాం. ఒక మూల పది రేణువులు పోగైతే అక్కడ ఊరికే ప్రకాశంగా ఉంటుంది.

కణం ఏదైనా మింగితే అది చిన్న తిత్తిలో పడుతుంది. మొదట తిత్తిలో పీహెచ్ 6 దగ్గర ఉంటుంది. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. లోపలికి పోయేకొద్దీ పులుపెక్కి, చివరికి లైసోజోమ్ అనే అరుగుదల సంచిలో 5 లోపుకి దిగుతుంది. ఈ ప్రయాణాన్ని ఆ పరికరం బతికున్న కణంలోనే చూపించింది. 2011లో ఒక చిన్న నులిపురుగు ఒంట్లోనూ పనిచేసింది. ఆ తర్వాత క్లోరైడ్‌ను కొలిచే పరికరం వచ్చింది. అప్పటికి యమునా కృష్ణన్ షికాగోకు వెళ్లారు. గౌషే లాంటి వ్యాధుల్లో అరగని కొవ్వు లైసోజోమ్‌లలో పేరుకుంటుంది. అలాంటి వ్యాధుల్ని ల్యాబ్‌లో అనుకరించిన కణాల్లో ఆమ్లం కంటే క్లోరైడే ఎక్కువగా పడిపోతోందని 2017లో ఆమె బృందం చూపించింది. ఆ తగ్గుదల సంచి లోపలిది. రక్తం ఎంత తీసినా దొరకదు.

ఇక నా సొంత అవమానం ఒకటి. చాలా ఏళ్ల క్రితం, ఫలానా ప్రోటీన్ ఉన్న కణాలకే అంటుకోవాలని యాంటీబాడీ తగిలించిన రేణువులు వేశాను. స్లైడ్ దీపావళిలా వెలిగింది. మూడు రోజులు కాలు నేల మీద నిలవలేదు. నాలుగో రోజు మా ల్యాబ్ అమ్మాయి ఒకరు మెల్లగా అడిగింది, "సార్, ఇందులో బతికున్నవి ఎన్ని?" చూస్తే బాగా వెలిగినవన్నీ చచ్చిన కణాలే. తలుపులు విరిగిన ఇల్లు కదా, ఏది వచ్చినా లోపలికి రానిస్తుంది.

ఇంకో తంటా. రేణువును రక్తంలో వదలగానే ప్రోటీన్లు వచ్చి చుట్టూ అంటుకుంటాయి. నాయకుడి మెడలో దండలు పడీపడీ మొహమే కనబడనట్టు, మనం అంటించిన యాంటీబాడీ వాటి కింద మునిగిపోతుంది. కాంతి కష్టం వేరే. టార్చి మీద అరచేయి పెడితే ఎర్రగా కనిపిస్తుంది కదా. నీలం, ఆకుపచ్చ వెలుగుల్ని రక్తం మింగేస్తుంది. అందుకే ఎరుపు దాటిన, కంటికి ఆనని వెలుగులో పలికే రేణువుల కోసం ఇప్పుడు అంత వెతుకులాట.

ఆస్పత్రికి ఎప్పుడొస్తుందని అడుగుతారు. తేదీ చెప్పేవాళ్లని నమ్మకండి. నా అంచనా ఏమిటంటే, ముందు ఒంటి బయటే వాడతారు. బయాప్సీ ముక్కలోని కణాల మీద ఏ ప్రోటీన్ ఎంత ఉందో చూడడానికి ఒంట్లోకి ఏదీ ఎక్కించక్కర్లేదు, కాడ్మియం భయమూ తక్కువ. ఒంట్లోకి పంపాలంటే లోపలికి వెళ్లిన ప్రతి రేణువూ ఎటు పోయింది, బయటికి వచ్చిందా, కాలేయంలో కూర్చుందా అన్న లెక్క అప్పజెప్పాలి.

ముందు వరుసలో పెద్దాయన ఇందాకటి నుంచీ చెయ్యెత్తి ఉన్నారు. స్వర్ణభస్మం గురించే అయ్యుంటుంది. అడగండి బాబాయిగారూ.