వైవిధ్య కమిటీ: ఒక నవల, కొన్ని సమోసాలు

(డాలస్ ప్రాంతంలో జరిగిన నెలవారీ తెలుగు సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చెప్పిన గొప్పల్లో సగం విన్నా మావారు నవ్వి ఊరుకుంటారు, కనక వాటి జోలికి పోను. పొద్దున్నే లేచి పులిహోర కలిపినవాళ్లకీ, ఈ హాలు ఇప్పించినవాళ్లకీ, ఇంత ఎండలో ఫ్రిస్కో నుంచీ ప్లేనో నుంచీ వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. పేర్లు చదవమని చీటీ ఇచ్చారు గానీ, అది చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఐదు దానికే సరి.

కాలేజీల మీద వచ్చిన వ్యంగ్య నవల ఒకటి పరిచయం చేయమన్నారు. నేను మ్యాట్ జాన్సన్ రాసిన ‘పిమ్’ ఎంచుకున్నాను. 2011లో వచ్చింది. కథానాయకుడు క్రిస్ జేన్స్, హడ్సన్ నది ఒడ్డున ఓ చిన్న కాలేజీలో సాహిత్యం చెప్పే నల్లజాతి ప్రొఫెసరు. నల్లవాళ్ల సాహిత్యం చెప్పడానికి ఇతన్ని తీసుకుంటే, ఇతనేమో ఎడ్గార్ ఎలన్ పో చెబుతానని కూర్చుంటాడు. తెల్లవాళ్ల ఊహల్లో నలుపంటే ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే వాళ్ల పుస్తకాలే తిరగెయ్యాలి, రోగం ఉన్నచోట కదా వెతకాలి అని అతని వాదన. పో పూర్తిచేసిన ఒకే ఒక్క నవల 1838 నాటిది. అందులో దక్షిణ ధ్రువం దగ్గర ఒక దీవిలో మనుషుల పళ్లు కూడా నల్లగానే ఉంటాయి! మనవాడు ఆ నవల పట్టుకుని వేలాడతాడు. ఆ క్లాసులో పిల్లలు చేరరు. దానికి తోడు, అన్ని జాతులవాళ్లకీ కాలేజీలో చోటుండేలా చూడాల్సిన వైవిధ్య కమిటీలో కూర్చోనంటాడు. టెన్యూర్, అంటే ఉద్యోగం శాశ్వతం చేయడం, ఇవ్వరు. ఇంకేముంది, ఉద్యోగం పోయింది. ప్రాణంగా దాచుకున్న పుస్తకాలు అట్టపెట్టెల్లో పెట్టి ఇంటి వరండాలో పడేసి పోతే వానకి తడిసి ముద్దవుతాయి. అతని స్థానంలో హిప్‌హాప్ మీద సిద్ధాంతాలు చేసే ఇంకో నల్ల ప్రొఫెసరు వస్తాడు. కమిటీ కుర్చీ మళ్లీ నిండుతుంది.

ఆ కమిటీ గురించి జేన్స్ చెప్పేదాని సారాంశం ఒక్కటే: మా కాలేజీలో వైవిధ్య కమిటీ ఉంది అని చెప్పుకోవడానికే ఆ కమిటీ.

ఇక్కడ పుస్తకం మూసి పక్కన పెడుతున్నాను. ఎందుకంటే అలాంటి కమిటీలో నేనూ కూర్చున్నాను. ఇదే టెక్సస్‌లో, పేరు చెప్పను, ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ చెప్పాను. బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ సమావేశం. కిటికీ లేని గది, ప్లాస్టిక్ పెట్టెల్లో ఎండిన శాండ్‌విచ్‌లు. నేను అడిగింది చిన్న లెక్క. మొదటి కాలిక్యులస్‌లో నల్ల పిల్లలు ఎంతమంది మధ్యలో మానేస్తున్నారు, ఏ సెక్షన్లో ఎక్కువ, ఎవరు చెప్పే సెక్షన్లో? రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్న లెక్కే. అధ్యక్షురాలు చేతులు గుండెకి ఆనించుకుని “చాలా లోతైన ప్రశ్న అడిగారు” అంది. మినిట్స్‌లో “సంభాషణ కొనసాగాలి” అని రాశారు. తర్వాతి సమావేశంలో ఏం తేల్చారో తెలుసా? అంతర్జాతీయ ఆహారోత్సవానికి నేను రెండొందల సమోసాలు తేవాలని!

నవ్వకండి. సరే, నవ్వండి. బాపట్ల పిల్లని, మా ఇంట్లో పునుగులు తెలుసు, మిరపకాయ బజ్జీలు తెలుసు, గోంగూర పచ్చడి తెలుసు. సమోసా చుట్టడం నాకేం తెలుసు? పునుగులు తెస్తానంటే “జనం గుర్తుపట్టే వంటకం అయితే బాగుంటుంది” అన్నారు. కొని పట్టికెళ్లాను. కాగితం పళ్లెంలో సమోసా పట్టుకుని మా విశ్వవిద్యాలయం ప్రెసిడెంటు నాతో దిగిన ఫొటో కాలేజీ పుస్తకం అట్ట మీద వేశారు. నయం, నేను నిజంగా అక్కడున్నాను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 2000లో దరఖాస్తు పుస్తకం అట్ట మీద ఫుట్‌బాల్ చూస్తున్న తెల్ల పిల్లల గుంపులో ఒక నల్ల విద్యార్థి ముఖం కంప్యూటర్లో అతికించింది. ఆ అబ్బాయి ఆ ఆటకి వెళ్లనే లేదు. వ్యంగ్య రచయితలు ఇంక ఏం రాసుకుని బతకాలండీ?

నాకు పోయిందేం లేదు. మా తాతగారికి మాగాణి ఉంది, నాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరు, ఇంట్లో ఇంగ్లీషు పేపరు వచ్చేది. టెన్యూర్ వచ్చాకే కమిటీలో వేశారు. ఆ బుధవారాల్లో నా పక్కన కూర్చున్న చరిత్ర విభాగం నల్ల మిత్రుడికి అలా కాదు. కాలేజీలో ఏ కమిటీకైనా ఒక నల్ల ముఖం కావాలి, ఉన్నది ఆయనొక్కడే. ఏ నల్ల పిల్లవాడు ఏడ్చినా ఆయన గదికే వస్తాడు. ఆరేళ్లు ఇలా తిప్పి, చివరికి “ప్రచురణలు చాలలేదు” అని ఇంటికి పంపారు. 1994లోనే అమాడో పడీయా అనే విద్యావేత్త దీన్ని సాంస్కృతిక పన్ను అన్నాడు. ఆ పన్ను ఆయన కట్టాడు. నేను సమోసాలు కట్టాను.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోప్పడకండి. 2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదన్న రోజున, మన వాట్సాప్ గ్రూపుల్లో పండగ చేసుకున్నామా లేదా? “ఇక మెరిట్‌కే సీటు” అని. అదే కేసులో బయటపడ్డ హార్వర్డ్ లెక్కల మీద ఆర్థికవేత్తలు 2019లో పరిశోధన చేశారు. సీటు వచ్చిన తెల్ల పిల్లల్లో 43 శాతం పైగా ఆటగాళ్లో, పూర్వ విద్యార్థుల పిల్లలో, అధ్యాపకుల పిల్లలో, దాతల పిల్లల్లాంటివాళ్లకోసం డీన్ విడిగా పెట్టుకున్న జాబితాలో ఉన్నవాళ్లో. ఈ కోటా మీద మన గ్రూపుల్లో ఎవరైనా ఒక్క మెసేజ్ పెట్టారా? 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వివక్ష నిషేధం జాబితాలో కులం చేర్చినప్పుడు వద్దంటూ ఉత్తరాలు రాసినవాళ్లలో భారతీయ సంతతి ప్రొఫెసర్లే పలువురు. అట్ట మీద ఫొటోకి మనం రంగున్నవాళ్లం. కులం మాటెత్తితే ఎవరమండీ?

ఈ నవలలోనే ఇండియానాలోని గేరీ ఊళ్లో ఒక సంఘం ఉంటుంది. చూడ్డానికి నల్లవాళ్లే, కానీ మేము అమెరికా ఆదివాసుల సంతతి అని ఈకలు కూడా పెట్టుకుంటారు. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే దాదాపు ఎవరిలోనూ ఆదివాసుల రక్తం పెద్దగా లేదని తేలుతుంది. అక్కడ ఏడుపులు, అరుపులు. ఆ ఘట్టం చదువుతుంటే గోత్రాలూ వంశవృక్షాలూ పట్టుకుని తిరిగే మన బంధువులు వరసగా కళ్ల ముందుకొచ్చారు.

జాన్సన్ రాసే నాటికి ఆ కమిటీ ఏ పనీ చేయదన్నదే ఎగతాళి. మన టెక్సస్‌లో 2024 జనవరి 1 నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్య కార్యాలయాలు చట్టం పెట్టి మూయించారు, అవేవో దేశాన్ని తలకిందులు చేసేసినట్టు! ఆ బుధవారాలు చూసినదాన్ని, నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆ ఆఫీసుల్లో పాపం పనిచేసేవాళ్లు కూడా ఉన్నారు, ఇంట్లో అందరికన్నా ముందు కాలేజీ గడప తొక్కిన పిల్లలకి ఫారాలు నింపిపెట్టినవాళ్లు. వాళ్లూ పోయారు. నేనడిగిన కాలిక్యులస్ లెక్క మాత్రం ఇప్పటికీ ఎవరూ తీయలేదు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. జేన్స్ అంటార్కిటికా ప్రయాణం, మంచు కింద తెల్ల రాక్షసులు, వాళ్ల దగ్గర వీళ్ల బానిసత్వం, అసలు కథంతా వదిలేశాను. నా దగ్గర రెండు ప్రతులున్నాయి. తీసుకెళ్లేవాళ్లు ఆ బల్ల మీది నోటుబుక్కులో పేరూ ఫోను నంబరూ రాసి తీసుకెళ్లండి. ఇంతకుముందు ఇచ్చినవి ఇంకా తిరిగి రాలేదు.