పట్టాలు లేని లైను మీద నాలుగు రోజులు

శ్రోతలందరికీ నమస్కారమండి. మాది రాజమండ్రి. 38 ఏళ్ళు రైల్వేలో ఇంజను నడిపి రిటైరయ్యాను, ఎక్కువకాలం గూడ్సు బళ్ళే. అలాంటి నన్ను పిలిచి సైకిలు గురించి మాట్లాడమన్నారంటే దానికో కారణం ఉంది. 62 ఏళ్ళ వయసులో నేను నాలుగు రోజుల్లో 240 కిలోమీటర్లు సైకిలు తొక్కాను, అదీ రోడ్డు మీద కాదు, ఒకప్పుడు రైలు నడిచి తర్వాత పట్టాలు పీకేసిన లైను మీద.

మా చెల్లెలు వాళ్ళు అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో ఉంటారు. పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి, 1970ల్లో కట్టారు, ఆ దేశంలో మన పాత గుళ్ళలో అదొకటి. అక్కడికెళ్ళిన పెద్దవాళ్ళం అందరం ఏం చేస్తామండీ, గుడికెళ్తాం, నయాగరా చూస్తాం, మిగతా నాలుగు నెలలు సోఫాలో కూచుని ఫోను చూసుకుంటాం. నేనూ రెండు వారాలు అదే పని చేశా. మూడో వారం మా బావగారు, అంటే చెల్లెలి భర్త, ఆయనకి నేను బావగారిని నాకు ఆయన బావగారు, గ్యారేజీలోంచి రెండు సైకిళ్ళు బయటికి లాగి "బావగారూ, ఇక్కడ మీ రైల్వే లైనొకటి ఖాళీగా పడుంది, చూసొద్దామా" అన్నారు.

దాని పేరు గ్రేట్ అల్లెగేనీ పాసేజ్. అక్కడ అందరూ ముద్దుగా గ్యాప్ అంటారు. మేరీలాండ్‌లో కంబర్లాండ్ అనే ఊరి నుంచి పిట్స్‌బర్గ్ దాకా, నదుల పక్కన, కొండల మధ్య. కొండల్లో ఉన్న భాగం వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే అనే కంపెనీ 1912 నాటికి వేసిన లైను. నదికి అవతలి ఒడ్డున ఇంకో కంపెనీ లైను అప్పటికే ఉంది, తర్వాత తర్వాత రెండు కంపెనీలూ ఒక గొడుగు కిందికొచ్చాయి, రెండు లైన్లెందుకు దండగ అని 1975లో దీని మీద బళ్ళు ఆపేశారు. పట్టాలు, స్లీపర్లు తీసేసి సున్నపురాయి పొడి పరిచి రోలరు తొక్కించి సైకిలు దారి చేశారు. 1986లో మొదటి ముక్క తెరిచారు, 14 కిలోమీటర్లు. ఆఖరి ముక్క పిట్స్‌బర్గ్‌లో పూర్తయ్యింది 2013లో. 27 ఏళ్ళు! మన దగ్గరే పనులు ఆలస్యం అనుకునేవాణ్ణి. టికెట్టు లేదు, పర్మిషను లేదు, కార్లు రావు, మోటార్ సైకిళ్ళు రావు.

అంత వయసులో కొండెలా ఎక్కారండీ అని అందరూ అడుగుతారు. ఇక్కడే నా సర్వీసు పనికొచ్చింది. రైలింజనుకి మోకాళ్ళ నొప్పులుంటాయండి. రోడ్డు మీద బస్సు ఎక్కేసే ఎత్తు రైలు ఎక్కలేదు, చక్రం జారిపోతుంది. అందుకని లైను వేసేవాళ్ళు కొండని చుట్టేసి, తవ్వేసి, కాకపోతే లోపలికి తొలిచేసి, ఎత్తుని పొడుగునా పంచేస్తారు. ఇంజను మోకాళ్ళ కోసం చేసిన ఏర్పాటు ఇప్పుడు నా మోకాళ్ళకి పనికొచ్చిందన్నమాట. పిట్స్‌బర్గ్ వైపు నుంచి ఎక్కితే సగటున 400 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు ఎత్తు, ఎక్కుతున్నట్టే తెలీదు. కంబర్లాండ్ వైపు నుంచైతే దాదాపు 70కి ఒకటి. అది తెలుస్తుంది. లోడు గూడ్సుకైతే వెనక ఇంకో ఇంజను పెట్టి తోయించాలి. మాకు తోసేవాళ్ళు లేరు.

మరి తేలికైన వైపు వదిలేసి ఆ వైపు నుంచే ఎందుకెళ్ళామంటే, తిరిగొచ్చే బెడద ఉండదని. ఈ ఒక్క మాట మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఇలాంటి యాత్ర ఎక్కడ చేసినా సరే. ఎలా వెళ్తారో తర్వాత, తిరిగి ఎలా వస్తారో ముందు తేల్చుకోండి. ఇది చుట్టూ తిరిగి మొదటికొచ్చే దారి కాదు, లైను, ఒక కొసలో మొదలై ఇంకో కొసలో ఆగుతుంది. ఆ కొసలో మీరుంటారు, సైకిలుంటుంది, మీ కారు 240 కిలోమీటర్ల అవతల ఉంటుంది. మేమేం చేశామంటే ముందు రైలెక్కి దూరంగా ఉన్న కొసకి పోయి, ఇంటి వైపు తొక్కుకుంటూ వచ్చాం. ఆఖరి రోజు ఒళ్ళు హూనమై ఉన్నప్పుడు ఎదురుగా ఇల్లుండాలి గానీ రైల్వే స్టేషను కాదు.

ఆ రైలు దగ్గర ఒక తప్పు చేశాం. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ వైపు ఆమ్‌ట్రాక్, అంటే అక్కడి పాసింజర్ రైళ్ళు నడిపే సంస్థ, వాళ్ళ బండి రోజుకొకటే, అదీ తెల్లారకముందే. సెప్టెంబరు ఆఖర్లో వెళ్దామని బావగారు రెండు సీట్లు బుక్ చేశారు. మనుషులకి చేశారు, సైకిళ్ళకి చెయ్యలేదు! సైకిలుకి విడిగా బుక్ చెయ్యాలి, బండికి ఉండేవే కొద్ది జాగాలు, రెండు రోజుల ముందు చూసుకుంటే అవి అయిపోయాయి. రైల్వేలో 38 ఏళ్ళు చేసి, లగేజీ బుక్ చెయ్యని పాసింజర్ల మీద కేకలేసిన నేను, లగేజీ బుక్ చెయ్యని పాసింజర్నయ్యాను. మా చెల్లెలు వారం రోజులు నవ్వింది. అలా వాయిదా పడి అక్టోబరు రెండో వారంలో వెళ్ళాం, అదే మంచిదయ్యింది, ఆకులన్నీ ఎర్రగా పసుపుగా కుంకుమ భరిణె బోర్లించినట్టున్నాయి.

ఇక మొదటి రోజు సంగతి మాత్రం పూర్తిగా చెబుతాను, మిగతా మూడు రోజులూ గబగబా చెప్పేస్తాను, ఏమనుకోవద్దు.

కంబర్లాండ్‌లో దిగేసరికి పొద్దున తొమ్మిది దాటింది. సైకిలు క్యారేజీకి రెండు పక్కలా సంచులు, సంచిలో గుడి క్యాంటీను పులిహోర. మొదటి 25 కిలోమీటర్లు మన దారి పక్కనే ఒక పట్టా ఇంకా బతికుంది, టూరిస్టుల బండి నడుస్తుంది దాని మీద ఫ్రాస్ట్‌బర్గ్ దాకా, అప్పుడప్పుడు ఆవిరింజను కూడా. ఓపిక లేనివాళ్ళు సైకిలు ఆ బండిలో వేసుకుని పైకెళ్ళి అక్కణ్ణుంచి తొక్కుకోవచ్చు. బావగారు అదే అన్నారు. నేను ఒప్పుకోలేదు. డ్రైవర్ని బండిలో కూచోబెట్టి కొండెక్కిస్తారా!

ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లకి ఒక సొరంగం వచ్చింది, బ్రష్ టన్నెల్. దాంట్లో రైలూ సైకిలూ ఒకే సొరంగంలోంచి పోతాయి, బండి వచ్చే టైమైతే మనం బయట ఆగాలి. నేను అలవాటుగా సైకిలు దిగి, రెండు వైపులా చూసి, చెవి పెట్టి విని, అప్పుడు కదిలాను. తర్వాత ఫ్రాస్ట్‌బర్గ్ దాటాక ఇంకో సొరంగం, బోర్డెన్ టన్నెల్, చిన్నదే, మూడొందల మీటర్లు కూడా ఉండదు, కానీ లోపల దీపాల్లేవు. బావగారు సైకిలుకి లైటు పెట్టుకోమని ముందే చెప్పారు. ఆ కొసలో వెలుతురు కనిపిస్తుంది కదా ఎందుకులెండి అన్నాను. కనిపిస్తుంది. ఆ వెలుతురే కనిపిస్తుంది, కాళ్ళ కింద ఏముందో కనిపించదు. దిగి నడిచాను. నైటు డ్యూటీల్లో హెడ్‌లైటు లేకుండా ఇంజను కదిలించనివాణ్ణి.

అక్కణ్ణుంచి ఎక్కుడు, ఎక్కుడు, ఇంకా ఎక్కుడు. నిటారుగా ఏమీ ఉండదు. ఆగదు, అంతే. రోడ్డయితే ఎక్కాక దిగుడు వస్తుంది, కాళ్ళు వదిలేసి కూచోవచ్చు, రైలు దారిలో అది లేదు, కంబర్లాండ్ నుంచి పైదాకా మొత్తం 38 కిలోమీటర్లు ఒకే లెక్కన తొక్కాల్సిందే. చలిలో కూడా చొక్కా తడిసిపోయి, కోటు తీసి సంచి అడుగున పెట్టాను. ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది. ఎందుకంటే తర్వాత వచ్చింది బిగ్ సావేజ్ టన్నెల్, దగ్గర దగ్గర కిలోమీటరు పొడుగు. దీంట్లో దీపాలున్నాయి, ఎదురుగా వచ్చేవాళ్ళు గంట కొడితే గోడల్నుంచి గుళ్ళో గంటలా మోగుతుంది, కానీ లోపల చలి ఐసు గదే. తడిసిన చొక్కాతో వెళ్ళాను, పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. చలికాలం అసలు దీన్ని మూసేస్తారు, డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి దాకా తలుపులేసేస్తారు, లోపల మంచు గడ్డకట్టి కట్టడం దెబ్బతింటుందని. చుట్టూ తిరిగి పోవాలంటే నిజంగా కొండ రోడ్డు, అది ఇంజను మోకాళ్ళు చూసి వేసింది కాదు. కాబట్టి మీ ప్రయాణం మే నుంచి అక్టోబరు లోపల పెట్టుకోండి.

సొరంగం దాటాక రెండు మూడు కిలోమీటర్లకి ఈ దారి మొత్తంలో ఎత్తయిన చోటు, 2392 అడుగులు. చూడ్డానికి ఏముండదు, పైన రోడ్డు, కింద చిన్న గుహలాంటి దారి, గోడ మీద మొత్తం దారి ఎత్తుపల్లాలు గీత గీసి చూపించారు. మా రైల్వేలో గ్రేడియంటు చార్టు అచ్చం అలాగే ఉంటుంది, అది చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. అక్కడి విశేషం ఏంటంటే ఆ చోటుకి తూర్పున పడ్డ వాన చుక్క పోటోమాక్ నదిలో కలిసి అట్లాంటిక్‌కి పోతుంది. పడమట పడ్డ చుక్క ఒక నదిలోంచి ఇంకో నదిలోకి, ఒహాయోలోకి, మిసిసిపీలోకి పోయి ఎక్కడో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో తేలుతుంది. నేను సీసా మూత తీసి అటు కొంచెం ఇటు కొంచెం నీళ్ళు పోశాను. బావగారు ఫొటో తీశారు. గోదావరి గట్టున పుట్టినవాణ్ణి కదా, నాకది వింతేం కాదు. నాసిక్ దగ్గర, అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్లలో పుట్టి కూడా అటు మొహం తిప్పకుండా మా ఊరి దాకా నడిచొచ్చిన తల్లి ఆవిడ. ఆ గోడ నీడలోనే కూచుని పులిహోర తిన్నాం. చల్లారిపోయి గట్టిపడింది. అంత రుచిగా మళ్ళీ తినలేదు.

ఆ రాత్రి మెయర్స్‌డేల్‌లో బస. అక్కడి పాత స్టేషను బిల్డింగు అలాగే ఉంచారు, ప్రయాణికులు కాస్త కూచుని వివరాలు అడిగి వెళ్ళే చోటు చేశారు. మర్నాడు పొద్దున్నే సాల్స్‌బరీ వయడక్టు, 1908 అడుగుల పొడుగు బ్రిడ్జి, కింద కాసెల్‌మన్ నది, హైవే, ఇందాక చెప్పానే, ఆ రెండో కంపెనీ లైను, దాని మీద ఇప్పటికీ గూడ్సులు నడుస్తున్నాయి. మేం మధ్యలో ఉండగా ఒకటొచ్చింది. చచ్చిపోయిన లైను మీద సైకిలు పట్టుకుని నిలబడి, బతికున్న లైను మీద పోతున్న బండిని పైనుంచి చూస్తుంటే, ఏమనాలో తెలీలేదండి. చెయ్యెత్తాను. డ్రైవరు చూశాడో లేదో. వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలెట్టి 90 దగ్గర లెక్క తప్పాను. మన హేవలాక్ బ్రిడ్జి గుర్తొచ్చింది, 1900లో మొదలై 1997 దాకా బళ్ళు మోసింది, దాని మీద నేనూ గూడ్సులు తోలాను, ఇప్పుడు 56 స్పాన్లూ గోదావరిలో కాళ్ళు పెట్టుకుని ఖాళీగా నిలబడున్నాయి. టూరిస్టుల కోసం బాగుచేస్తామని ఏళ్ళ తరబడి వింటున్నాం. చేస్తే మొదటి సైకిలు నాది.

అక్కణ్ణుంచి పిట్స్‌బర్గ్ దాకా అంతా దిగువకే. రెండో రాత్రి ఒహాయోపైల్, మూడో రాత్రి వెస్ట్ న్యూటన్, నాలుగో రోజు పాత స్టీలు ఫ్యాక్టరీల ఊళ్ళు దాటుకుంటూ ఇల్లు. దిగువకన్నాను కదా అని తొక్కకుండా పోవచ్చనుకోకండి, 400కి ఒకటి వాలులో సైకిలు దానంతటది పోదు. మూడో రోజుకి సీటు మీద కూచోవడం మీకు చెప్పలేని బాధ.

ఇంత ఓపిక అందరికీ ఉండదు, నాకు తెలుసు. పిల్లల దగ్గరికి వెళ్ళి ఒక్క ఆదివారం ఖాళీ దొరికినవాళ్ళు ఇలా చెయ్యండి. కారులో ఒహాయోపైల్ వెళ్ళండి, అక్కడ జలపాతముంది, సైకిళ్ళు అద్దెకిస్తారు. కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడే పొద్దున కాన్‌ఫ్లూయెన్స్ అనే ఊరి వైపు తొక్కండి, 17 కిలోమీటర్లు, నది పక్కనే, అటు కొంచెం ఎగువ. అక్కడ భోంచేసి సాయంత్రం దిగువకి వచ్చెయ్యండి. చాలామంది ముందు సుఖంగా దిగువకి పోయి, తిరిగొచ్చేటప్పుడు ఏడుస్తారు. చెప్పాను కదా, తిరిగి ఎలా వస్తారో ముందు తేల్చుకోండి.

మేం వచ్చిన పది రోజులకి మా చెల్లెలు నేనూ తొక్కుతానంటే ఇలాగే తీసుకెళ్ళాం. చుడీదార్ వేసుకుని, చున్నీ వేసుకుని, ముప్పై ఏళ్ళ తర్వాత సైకిలెక్కింది, మొదటి కిలోమీటరు బాగానే తొక్కింది. అంతలో "అన్నయ్యా" అని ఒక్క కేక. చూస్తే చున్నీ సగం గేరు పళ్ళలో, సగం మెడలో. ఆడవాళ్ళు చున్నీ ఇంట్లో వదిలేసి వెళ్ళండి, లేదంటే నడుముకి గట్టిగా ముడేసుకోండి. మేం చైను వెనక్కి తిప్పి తిప్పి అరగంటకి బయటికి లాగాం, కొత్త చున్నీ, అంతా గ్రీజు, ఇప్పుడది మా బావగారి గ్యారేజీలో సైకిలు తుడుచుకునే గుడ్డ.