ల్యాబ్‌లో గెలిచి ఫ్యాక్టరీలో గెలవాలి: సోలార్ తయారీలో టెక్నాలజీ మేనేజర్ పని

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈరోజు మనతో ఉన్న అక్క అమెరికా ఇంధన శాఖ సోలార్ ఆఫీసులో తయారీ విభాగం టెక్నాలజీ మేనేజర్‌గా పనిచేశారు. అక్కా, ఇంట్లో పెద్దవాళ్లు ఏం ఉద్యోగం అని అడిగితే ఏం చెప్పేవారు?

గెస్ట్: కొత్త రకం సోలార్ సెల్ చేస్తామని కంపెనీలు, యూనివర్సిటీలు వస్తాయి, వాటిలో ప్రభుత్వ డబ్బు దేనికి పెట్టాలో, పెట్టాక పని జరుగుతోందో లేదో చూస్తాను అని చెప్పేదాన్ని. ఎంపిక నా ఒక్కదాని చేతిలో ఉండదు. బయటి నిపుణులు మార్కులు వేస్తారు, పైఅధికారి సంతకం పెడతారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

హోస్ట్: డబ్బిచ్చాక ఇంకేం పని ఉంటుంది?

గెస్ట్: మైల్‌స్టోన్లు రాయడం. బయటివాళ్లకు ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ, ప్రాజెక్టు ప్రాణమంతా అందులోనే ఉంది. ఒక టీమ్ "ఏడాది చివరికి 25 శాతం ఎఫిషియెన్సీ" అని, అంటే పడిన ఎండలో అంత శాతం కరెంటుగా మారుస్తామని రాసుకొస్తుంది. నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఎంత సైజు సెల్ మీద? ఎన్ని సెల్స్ చేస్తే ఎన్నింటికి 25 వచ్చింది? ఎవరు కొలిచారు? కొలరాడోలోని గోల్డెన్‌లో నేషనల్ ల్యాబ్ ఉంది, అక్కడికి పంపి కొలిపించారా? 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో వెయ్యి గంటలు పెట్టి తీశాక ఎంత మిగిలింది? ఇవన్నీ ఒప్పందంలో ముందే రాసుకోవాలి. ఏడాది చివర్లో ప్రాజెక్టు సాగాలా ఆపాలా తేల్చే "గో ఆర్ నో-గో" మీటింగ్‌లో ఇరుపక్షాల చేతిలో ఉండేది ఆ కాగితం ఒక్కటే.

హోస్ట్: అంత పట్టుబట్టడం దేనికి?

గెస్ట్: పెరోవ్‌స్కైట్ అని గాజు మీద పూతగా వేసే కొత్త రకం పదార్థం ఉంది. ల్యాబ్‌లో దాని సెల్ చదరపు సెంటీమీటర్ అయినా ఉండదు చాలాసార్లు. ఫ్యాక్టరీలో ప్యానెల్ రెండు చదరపు మీటర్లు దాటుతుంది. అంత గాజు మీద పూత అంచు నుంచి అంచు దాకా ఒకేలా పడాలి. సిలికాన్ సంగతే తీసుకో. సెల్ చేసే పలుచని సిలికాన్ బిళ్లను వేఫర్ అంటారు. దాని మందం ఇప్పుడు 130, 150 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటోంది, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మూల పట్టుకుని కొంచెం గట్టిగా నొక్కితే అప్పడంలా విరిగిపోతుంది. లైన్ మీద అలాంటివి గంటకు వేలల్లో పోతుంటాయి. వాటిమీద వెంట్రుక కంటే సన్నని గీతలుగా సిల్వర్ పేస్ట్ ప్రింట్ అవుతుంది. గీత ఒక్కచోట తెగితే అక్కడ కరెంటు సరిగా అందదు. అలాగని గీత లావు చేస్తే వెండి ఖర్చు తడిసి మోపెడవుతుంది. నేను ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా ముందు మేనేజర్ల ప్రెజెంటేషన్ కాదు, పక్కన పడేసిన సెల్స్ డబ్బా చూపించమనేదాన్ని. ఏ స్టేషన్ దగ్గర ఎన్ని పోతున్నాయో లైన్ మీద పనిచేసేవాళ్లకు బాగా తెలుసు.

హోస్ట్: అమెరికాలో తయారీ అసలు ఎందుకు పడిపోయింది? 1954లో సిలికాన్ సెల్ చేసింది బెల్ ల్యాబ్స్ వాళ్లే కదా.

గెస్ట్: ఆవిష్కరణ ఇక్కడ, పెద్ద ఎత్తున తయారీ అక్కడ. పాలీసిలికాన్ అనే శుద్ధి చేసిన ముడిసరుకు, దాన్ని కరిగించి పోసిన ఇంగాట్ దిమ్మ, దిమ్మను రంపంతో కోసిన వేఫర్, సెల్, సెల్స్ కలిపిన మాడ్యూల్ అంటే ప్యానెల్... ప్రతి దశలోనూ చైనా వాటా 80 శాతం దాటిందని 2022లో అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క చెప్పింది. అదే ఏడాది అమెరికాలో వచ్చిన ఐఆర్ఏ (ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్) చట్టంతో వాట్‌కు సెల్ మీద 4 సెంట్లు, మాడ్యూల్ మీద 7 సెంట్లు పన్ను రాయితీ వచ్చింది. అది ఫ్యాక్టరీ నడిచాక వచ్చే డబ్బు. ఫ్యాక్టరీ కట్టే ధైర్యం రాకముందు దశలో మా ఆఫీసు పని ఉండేది.

హోస్ట్: మరి అమెరికాలో నిలబడిన కంపెనీలు ఉన్నాయా?

గెస్ట్: ఫస్ట్ సోలార్ ఉంది. సిలికాన్ బదులు గాజు మీద కాడ్మియం టెల్యురైడ్ అనే పదార్థం పూత వేస్తారు, వేఫర్ అక్కర్లేదు. గాజు లోపలికి వెళ్లిన నాలుగు గంటల్లో ప్యానెల్ బయటికొస్తుంది. ఆ టెక్నాలజీ వెనక ప్రభుత్వ ల్యాబులతో దశాబ్దాల పని ఉంది. క్యూబిక్‌పీవీ కథ వేరు. కరిగిన సిలికాన్ నుంచి నేరుగా వేఫర్ తీసే పద్ధతి వాళ్లది, రంపపు పొడి వృథా ఉండదు. దానికీ ఇంధన శాఖ నిధులు అందాయి. అమెరికాలో 10 గిగావాట్ల వేఫర్ ఫ్యాక్టరీ కడతామన్నారు. వేఫర్ ధరలు కుప్పకూలాయి, 2024 ఫిబ్రవరిలో ఆ ఫ్యాక్టరీ ఆలోచన మానుకున్నారు. అందుకే మేనేజర్ టేబుల్ మీద సైన్స్ పేపర్లతో పాటు ఆ వారం ధరల పట్టిక కూడా ఉండాలంటాను.

హోస్ట్: ఆపేయమని చెప్పడం కష్టంగా ఉండేదా?

గెస్ట్: చాలా. మంచి ఉద్యోగం వదిలేసి, ఇంటి డబ్బు పెట్టి వచ్చినవాళ్లు ఉంటారు. ఆ ఫోన్ చేయాల్సిన ముందురోజు రాత్రి నిద్ర పట్టేది కాదు, టెన్షన్. కానీ రెండో ఏడాదిలో ఆపాల్సింది నాలుగో ఏడాది దాకా లాగితే వాళ్లకే ఎక్కువ నష్టం. ఆ డబ్బు పన్ను కట్టేవాళ్లది, పైగా క్యూలో ఇంకో మంచి ఆలోచన ఎదురుచూస్తూ ఉంటుంది. నేనైతే మొహమాటపడకుండా, కారణాలన్నీ విడమరిచి చెప్పడమే మర్యాద అనుకుంటాను.

హోస్ట్: మన పిల్లలు ఈ రంగంలోకి రావాలంటే?

గెస్ట్: ముందు ఫ్యాక్టరీకి వెళ్లమంటాను. హైదరాబాద్‌లో ప్రీమియర్ ఎనర్జీస్ సెల్స్ చేస్తోంది. చెన్నై దగ్గర ఫస్ట్ సోలార్ ప్లాంట్ ఉంది. నైట్ షిఫ్టులతో సహా ఒకటి రెండేళ్లు లైన్ మీద ఉంటే ఏ లోపం ఎక్కడ పుడుతుందో కళ్లారా చూస్తారు. పీహెచ్‌డీ ఆ తర్వాత చేసినా ఏం పోదు. అమెరికా ప్రభుత్వ ఉద్యోగాలకు చాలావరకు సిటిజన్‌షిప్ అడుగుతారు. కానీ ఈ పని ఇండియాలోనూ బోలెడుంది. పీఎల్ఐ, అంటే ఉత్పత్తిని బట్టి కంపెనీలకు ప్రోత్సాహకం ఇచ్చే కేంద్ర పథకం కింద సోలార్ మాడ్యూల్స్ తయారీకి 24,000 కోట్ల రూపాయలు కేటాయించారు. అంత డబ్బు వెళ్తున్నప్పుడు, లైన్ దగ్గరికెళ్లి ఏం అడగాలో తెలిసినవాళ్లు ప్రభుత్వం వైపు కూర్చోవాలి. అలాంటివాళ్లు పదిమంది తెలుగు రాష్ట్రాల నుంచి వస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.