నీటికాసుల ఆపరేషన్‌కి కార్డు పనిచేస్తుంది, మరి చుక్కల మందుకి?

[తెర మీద: టేబుల్. దాని మీద రేషన్ కార్డు, పక్కన బొటనవేలంత కంటి చుక్కల సీసా. యాంకర్ కెమెరా వైపు చూస్తూ.]

నమస్కారం అండీ. "మా నాన్నకి గ్లాకోమా అన్నారు, ఆరోగ్యశ్రీలో వస్తుందా?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతుంటారు. ఆపరేషన్ దాకా వస్తే వస్తుంది. కానీ చాలామందికి ఆపరేషన్ దాకా వెళ్ళాల్సిన పనే ఉండదు. వాళ్ళకి కావలసింది బతికున్నన్నాళ్ళూ రోజూ ఒక చుక్క మందు, కొన్ని నెలలకోసారి పరీక్షలు. ఆ సీసా కొనడానికి మాత్రం ఈ కార్డు పనిచేయదు. అసలు ఖర్చంతా అక్కడే ఉంది. అందుకే ఈరోజు ఆపరేషన్ గురించీ, సీసా గురించీ రెండూ మాట్లాడుకుందాం.

ముందు జబ్బేంటో రెండు ముక్కల్లో. కంట్లో ఎప్పుడూ ఒక ద్రవం ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. పోయే దారి మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి, వెనకున్న నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. ప్రెషర్ సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. కొందరికి ప్రెషర్ మామూలుగానే ఉన్నా నరం దెబ్బతింటుంది. ఈ గ్లాకోమానే తెలుగులో నీటికాసులు అంటాం. శుక్లం తీసేస్తే చూపు తిరిగొస్తుంది. నీటికాసుల్లో పోయిన చూపు పోయినట్టే. మిగిలింది కాపాడుకోవడమే వైద్యం.

[తెర మీద: ఒక వీధి. అంచుల నుంచి నెమ్మదిగా మసకబారుతూ, మధ్యలో మాత్రం స్పష్టంగా.]

ఇది పక్కల నుంచి తినుకుంటూ వస్తుంది. మధ్య చూపు చివరిదాకా బాగానే ఉంటుంది. తెలంగాణలో 2018లో, ఆంధ్రలో 2019లో కంటి వెలుగు పెట్టినప్పుడు గోడ మీద అక్షరాలు చదివించి అద్దాలిచ్చారు, శుక్లాలు గుర్తించారు. మంచి పనే. అయితే గ్లాకోమా ఉన్న మనిషి కూడా ఆ అక్షరాలన్నీ గడగడా చదివేసి ఇంటికి వచ్చేయగలడు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1990ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సర్వేలో, గ్లాకోమా బయటపడినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా అప్పటిదాకా తమకా జబ్బు ఉన్నట్టే తెలియదు.

సరే, పథకాల్లోకి వద్దాం.

[తెర మీద: మూడు కార్డులు ఒకదాని పక్కన ఒకటి.]

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైంది. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం పేర్లు మారుతూ ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. అక్కడ 2023 డిసెంబరులోనే పరిమితి 25 లక్షలకి పెంచారు. మూడోది కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్, కుటుంబానికి 5 లక్షలు. 70 ఏళ్ళు దాటినవాళ్ళకి 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఇది చాలా ఇళ్ళలో తెలియదు. రేషన్ కార్డు లేదని, కొడుకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడని, మనకి ఏ పథకమూ రాదని పెద్దవాళ్ళు ఊరుకుంటున్నారు. ఆధార్‌లో వయసు 70 దాటితే చాలు, తీసుకోండి.

లక్షల అంకెలు చూసి ఎక్కువ సంబరపడొద్దు. అవి గుండెకీ, కిడ్నీకీ, క్యాన్సర్‌కీ పనికొచ్చే అంకెలు. గ్లాకోమా ఆపరేషన్ ఏదీ ఆ పరిమితి దరిదాపుల్లోకి వెళ్ళదు. మీరు అడగాల్సింది నాకు రాసిన ప్రొసీజర్ పేరు జాబితాలో ఉందా, ఈ ఆసుపత్రికి ఆ ప్రొసీజర్ చేయడానికి అనుమతి ఉందా అని. ఒక ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉన్నంత మాత్రాన అన్ని విభాగాలకీ ఉన్నట్టు కాదు. ఎముకల విభాగానికి ఉండి కంటి విభాగానికి లేకపోవచ్చు.

ఇక ప్రొసీజర్ల సంగతి. చాలా ఏళ్ళుగా ఎక్కువగా చేస్తున్నది ట్రాబెక్యులెక్టమీ. కంటి తెల్లగుడ్డులో ద్రవం పోవడానికి కొత్త దారి చేస్తారు. ఇది ఆయుష్మాన్ ప్యాకేజీల్లో ఉంది. దానితో ఫలితం రానివాళ్ళకి షంట్, అంటే సన్నని గొట్టం పెడతారు. ఇదీ ఉంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. గొట్టాల్లో రకాలున్నాయి. దిగుమతి చేసుకునే అహ్మద్ వాల్వ్ ఉంది. మదురైలో అరవింద్ వాళ్ళ అరోల్యాబ్ తయారుచేసే 'ఆదీ' అనే ఇంప్లాంట్ ఉంది, దానికంటే చాలా చవక. ప్యాకేజీలో ఇచ్చేది ఏది, వేరే కావాలంటే తేడా డబ్బు కట్టమంటారా అని ఆపరేషన్ ముందే అడగండి. క్యాష్‌లెస్ పథకంలో చేరి, ప్యాకేజీలో ఉన్నదానికే పైన డబ్బు కట్టమంటే అది నిబంధనకి విరుద్ధం. 104కి గానీ, ఆయుష్మాన్ అయితే 14555కి గానీ ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు.

లేజర్లు వేరు. కంట్లో ద్రవం బయటికి పోయే కోణం మూసుకుపోయే రకం గ్లాకోమాకి కనుపాపలో చిన్న రంధ్రం చేసే లేజర్ ఐదు పది నిమిషాల పని, కుర్చీలో కూర్చోబెట్టే చేసేస్తారు. కోణం తెరిచి ఉండే రకానికి ఎస్‌ఎల్‌టీ అనే లేజర్ ఉంది. బ్రిటన్‌లో చేసి 2019లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, మొదటే ఈ లేజర్ చేయించుకున్నవాళ్ళలో మూడేళ్ళ తర్వాత కూడా నలుగురిలో దాదాపు ముగ్గురికి చుక్కల మందు అవసరం పడలేదు. జేబు కోణంలో చూస్తే ఇది చిన్న విషయం కాదు. "డాక్టరు గారూ, నాకు ఎస్‌ఎల్‌టీ పనికొస్తుందా?" అని ఒక్కసారి అడగండి. అందరికీ పనికిరాదు, అడిగితే తప్పు లేదు.

[తెర మీద: ఆసుపత్రి కౌంటర్. ఆకుపచ్చ ఫైలు, జిరాక్స్ కాయితాలు.]

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది? తెలంగాణలో ఆరోగ్యమిత్ర, ఆంధ్రలో వైద్యమిత్ర అని ఒక ఉద్యోగి నెట్‌వర్క్ ఆసుపత్రిలో కూర్చుంటారు. కార్డు, ఆధార్ చూపించాలి. డాక్టరు ఆపరేషన్ రాశాక ప్రెషర్ రీడింగులు, ఫీల్డ్ టెస్ట్ (ఎంత వెడల్పున కనిపిస్తుందో చూసే పరీక్ష) ప్రింటవుట్, నరం ఫొటో లేదా ఓసీటీ (నరాన్ని చూసే స్కాన్) రిపోర్టు, ఇవన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి అనుమతి కోసం పంపుతారు. దాన్నే ప్రీ ఆథరైజేషన్ అంటారు. అనుమతి వచ్చాకే ఆపరేషన్. తిరస్కరణలు చాలావరకు ఇక్కడే: పాత రిపోర్టు పెట్టారనో, కుడి కన్ను ఎడమ కన్ను తారుమారైందనో, ఆధార్‌లో పేరు కార్డులో పేరు కలవలేదనో. మూడోది మీ చేతిలో ఉన్న పని. ఆసుపత్రికి వెళ్ళే ముందే మీసేవలోనో సచివాలయంలోనో సరిచేయించుకోండి.

ఇంకో చేదు నిజం. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్నాళ్ళు సేవలు ఆపేశాయి. ఊరి నుంచి బస్సెక్కే ముందు ఆసుపత్రికి ఒక ఫోన్ కొట్టి, ఈ వారం చేస్తున్నారా అని కనుక్కోండి.

ఆపరేషన్ అయింది, డిశ్చార్జ్ అయ్యారు. ఆరోగ్యశ్రీలో 10 రోజుల మందులు ప్యాకేజీలోనే వస్తాయి. ఆయుష్మాన్‌లో మామూలుగా 15 రోజులు, గ్లాకోమా ఆపరేషన్ ప్యాకేజీలో ఎన్ని వారాల మందులు కలిపి ఉన్నాయో అడగండి. ట్రాబెక్యులెక్టమీ తర్వాత చుక్కల మందు వారాల తరబడి, చాలామందికి రెండు నెలల దాకా వేయాలి. లెక్క మీరే వేసుకోండి. ఆ చుక్కలు మధ్యలో ఆపేస్తే చేసిన దారి మళ్ళీ పూడుకుపోయే ప్రమాదం ఉంది. ప్యాకేజీలో ఇచ్చిన మందులు అయిపోయాక కావలసిన సీసాలకి డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి.

[తెర మీద: చుక్కల సీసా దగ్గరగా.]

ఇప్పుడు ఈ సీసా దగ్గరికి వద్దాం. టిమోలాల్ అనే పాత మందు సీసా వంద రూపాయల లోపే దొరుకుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ప్రమాదం, తప్పక డాక్టరుకి చెప్పాలి. లాటనోప్రోస్ట్ లాంటి మందు రోజుకి ఒక్కసారి వేస్తే చాలు, బాగా పనిచేస్తుంది, కానీ చిన్న సీసాకే వందల్లో అవుతుంది. రెండు మూడు రకాలు కలిపి వాడేవాళ్ళకి నెలకి వెయ్యి దాటడం మామూలే. పైన ఫీల్డ్ టెస్ట్, ఓసీటీ, ప్రయాణం, కూలి పోయిన రోజు. 2022లో కేంద్రం విడుదల చేసిన అత్యవసర మందుల జాబితాలోకి లాటనోప్రోస్ట్‌ని కూడా చేర్చారు. అంటే ఇది అత్యవసరం అని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆసుపత్రిలో పడుకుంటేనే డబ్బిచ్చే పథకంలో మాత్రం దీనికి చోటు లేదు. సెంట్రల్ గవర్నమెంటు పెన్షనరుకి సీజీహెచ్ఎస్ అనే వాళ్ళ ఆరోగ్య పథకం డిస్పెన్సరీలో ఇదే మందు ఇస్తారు. ఉపాధి హామీ పనికి వెళ్ళే మనిషికి కన్ను పాడై ఆపరేషన్ దాకా వస్తేనే పథకం పలుకుతుంది. నా మటుకు నాకు ఇది తలకిందుల లెక్కలా కనిపిస్తుంది.

అయితే దారులు అసలే లేవని కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈఎస్ఐ ఉందా? నెల జీతం 21 వేల లోపు ఉండి, ఫ్యాక్టరీలోనో షాపింగ్ మాల్‌లోనో సెక్యూరిటీ ఏజెన్సీలోనో పనిచేస్తుంటే జీతంలో కోత పడుతూనే ఉంటుంది, పే స్లిప్ చూడండి. ఈఎస్ఐలో బయటి రోగులకి కూడా మందులు వస్తాయి. ఉద్యోగి మీద ఆధారపడిన తల్లిదండ్రులకీ వర్తిస్తుంది. కొడుకు ఈఎస్ఐ మీద అమ్మ చుక్కల మందు తెచ్చుకోవచ్చన్న సంగతి తెలియక నెలనెలా కొనుక్కునే ఇళ్ళు ఎన్నో.

రెండోది సర్కారు కంటి ఆసుపత్రులు. హైదరాబాద్ మెహిదీపట్నంలో సరోజినీదేవి, విశాఖలో, కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. క్యూ పొడవే, కానీ ప్రెషర్ చూడటానికి, ఫీల్డ్ టెస్టుకి ప్రైవేటులో అయ్యే ఖర్చు అక్కడ ఉండదు. ట్రస్టు ఆసుపత్రుల్లో ఎల్వీ ప్రసాద్, తిరుపతిలో అరవింద్ లాంటి చోట్ల కట్టలేనివాళ్ళకి ఉచిత విభాగం వేరే ఉంటుంది. కౌంటర్‌లో మొహమాటపడకుండా అడగాలి.

మూడోది జన ఔషధి, అంటే చవక జనరిక్ మందుల షాపులు. డాక్టరు బ్రాండ్ పేరు రాస్తే, అసలు మందు పేరు కూడా రాయమనండి. అది లేకపోతే జన ఔషధి షాపులో ఇవ్వడం కష్టం.

నాలుగోది మీ చేతివాటం. నవ్వకండి, నిజంగానే. చాలామంది ఒకటి బదులు రెండు మూడు చుక్కలు వేస్తారు. కన్ను ఒక్క చుక్కనే సరిగా పట్టుకోలేదు, మిగతాదంతా బుగ్గ మీదికి కారిపోతుంది. నెల రావాల్సిన సీసా పద్దెనిమిది రోజులకే అయిపోయి, మిగిలిన పన్నెండు రోజులు మందు లేకుండా గడిపేస్తారు.

[తెర మీద: ఒక పెద్దాయన చేయి. కింది రెప్పని వేలితో లాగి, ఒక్క చుక్క.]

తల వెనక్కి వంచి, కింది రెప్పని లాగితే చిన్న సంచిలా అవుతుంది. అందులో ఒక్క చుక్క. కన్ను మూసి, ముక్కు పక్కన కన్ను మూల దగ్గర వేలితో రెండు నిమిషాలు నొక్కిపట్టండి. మందు గొంతులోకి జారదు. రెండో రకం మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగి వేయాలి.

ఉచిత శుక్లాల క్యాంపుకి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఆపరేషన్‌కి ముందు కంటి ప్రెషర్ చూశారా, నరం చూశారా అని అడగండి. లోపల గ్లాకోమా ఉండి శుక్లం ఒక్కటే తీస్తే అనుకున్నంత చూపు రాదు, తప్పంతా ఆపరేషన్ మీదికి పోతుంది. రెండూ ఉంటే ఒకేసారి కలిపి చేయొచ్చు. కాకపోతే ఆయుష్మాన్‌లో సాధారణంగా ఒకేసారి రెండు ప్రొసీజర్లు చేస్తే రెండోదానికి ఆసుపత్రికి సగం రేటే వస్తుంది. "ముందు ఇది చేద్దాం, అది తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే, ఆ మాట కంటి కోసం అంటున్నారా రేటు కోసమా అని అడిగే హక్కు మీకుంది.

కళ్ళు ఎర్రబడ్డాయని మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేసుకునేవాళ్ళకి కూడా గ్లాకోమా రావచ్చు. పిల్లలకైనా సరే.

చివరగా, ఇప్పటికే చూపు బాగా తగ్గినవాళ్ళ సంగతి. వికలాంగుల పింఛను ఆంధ్రలో నెలకి 6,000, తెలంగాణలో 4,016. వైకల్యం ఎంతో చెప్పే సర్టిఫికెట్‌లో (సదరం) కనీసం 40 శాతం ఉండాలి. గ్లాకోమా వాళ్ళు ఆ సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపులో అక్షరాలు చదివేస్తారు కాబట్టి "మీకు చూపు బాగానే ఉంది" అని తిప్పి పంపేసే అవకాశం ఉంది. నిబంధనల ప్రకారం చూపు ఎంత దూరం ఆనుతుందన్నదే కాకుండా, ఎంత వెడల్పున కనిపిస్తుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. చూపు వెడల్పు 40 డిగ్రీల కన్నా తగ్గితే అది కూడా దృష్టి లోపం కిందికే వస్తుంది. క్యాంపుకి వెళ్ళేటప్పుడు రెండు కళ్ళ ఫీల్డ్ టెస్ట్ ప్రింటవుట్లు, వాటి జిరాక్స్‌లు తీసుకెళ్ళండి. డాక్టరు ముందు పెట్టి, "అయ్యా, అక్షరాలు కనిపిస్తాయి గానీ పక్కనుంచి వచ్చే బండి కనిపించదు, ఇది చూడండి" అని చెప్పండి.